బాబా మాల్: సెనెగల్ నది ఒడ్డు పాటగాడు



2018లో ‘బ్లాక్ పాంథర్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. మన హాళ్ళలోనూ ఆడింది. అందులో వకాండా అనే కల్పిత ఆఫ్రికా రాజ్యం మొదటిసారి తెర మీదికి వచ్చే చోట ఒక మగ గొంతు తారస్థాయిలో లేస్తుంది. ఆ మాటలు మనలో ఎవరికీ అర్థం కావు, అయినా ఒళ్ళు జలదరిస్తుంది. పాడినాయన పేరు బాబా మాల్. దేశం సెనెగల్, భాష పులార్. ఆయన పాడింది ఒక ఏనుగు చావు గురించి. ఏనుగంటే అక్కడ రాజు. పెద్ద ఏనుగు నేలకొరిగింది, ఇక ఆ చోటికి ఇంకొకరు రావాలి. సినిమా సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్సన్ సెనెగల్ వెళ్ళి, బాబా మాల్ బృందం వెంట తిరిగి, అక్కడి వాయిద్యాలు విని, అప్పుడు ఆ సంగీతం కూర్చాడు. మరుసటి ఏడు దానికి ఆస్కార్ వచ్చింది.

బాబా మాల్ పుట్టిన ఊరు పోదోర్. సెనెగల్‌కు ఉత్తరపు అంచున, నది ఒడ్డున ఉంటుంది. నదికి అవతలి గట్టు మౌరిటానియా దేశం. ఆ దేశంలో ఎక్కువ భాగం సహారా ఎడారే. సెనెగల్ నదికీ, దువే అనే దాని పాయకూ మధ్య సాగిన ఒక పొడుగాటి లంక కొసన పోదోర్ ఉంది. ఏనుగు దంతాల వ్యాపారం కోసం వచ్చిన యూరప్ వాళ్ళు ఆ లంకను దంతాల లంక అనే పిలిచారు. అంటే అక్కడ అడవి ఉండేది, ఏనుగులు ఉండేవి. ఇవాళ ఏనుగులు లేవు, అడవి చాలావరకు లేదు. ఏనుగుల్లేని లంకలో పుట్టినవాడు ఏనుగు చావును పాడితే లోకమంతా విన్నది. ఈ సంగతి తెలిశాక ఆ సినిమా పాట నాకు ఇదివరకటిలా వినబడదు.

ఇవాళ ఈ పాటగాడి గురించి మాట్లాడాలనుకోవడానికి కారణం ఉంది. పర్యావరణం కోసం పాడేవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. భూమి మన తల్లి, కాపాడుకుందాం అనే పాటలు ఎన్నో వచ్చాయి. వాటి వెనక ఉన్న మంచి మనసును నేను శంకించను. కానీ భూమి మొత్తాన్ని ఒకేసారి ఎత్తుకున్న పాట మనసులో ఎక్కువకాలం నిలవదు. బాబా మాల్ భూమి మొత్తాన్ని ఎత్తుకోలేదు. ఒక నదిని పట్టుకున్నాడు. ఆ నదిలో చేపలు పట్టేవాళ్ళను, దాని ఒడ్డున జొన్న వేసేవాళ్ళను, అక్కణ్ణుంచి పడవెక్కి వెళ్ళిపోతున్న కుర్రాళ్ళను పట్టుకున్నాడు. దాదాపు నలభై ఏళ్ళుగా వదల్లేదు.

ఆయన 1953లో పుట్టాడు. పుట్టింది చేపలు పట్టే కులంలో. సెనెగల్ నది మధ్యభాగాన్ని ఫూటా తోరో అంటారు. అక్కడి పులార్ సమాజంలో ఎవరి పని వాళ్ళకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. చేపలు పట్టేవాళ్ళు వేరు, కుమ్మరం చేసేవాళ్ళు వేరు, నేత నేసేవాళ్ళు వేరు. పాడటం గ్రియోల పని. మన దగ్గర పిచ్చుకుంటులవాళ్ళు, బుడగజంగాలు ఫలానా కులం వంశావళి చెప్పి, కథ పాడి, సంభావన తీసుకుంటారు చూడండి, గ్రియోలూ అలాంటివాళ్ళే. కాబట్టి జాలరి ఇంటి పిల్లవాడు పాటను బతుకుతెరువు చేసుకుంటానంటే ఊరు ముఖం చిట్లించింది.

కానీ ఆ ఇంట్లో పాట ముందే ఉంది. తండ్రి మసీదులో నమాజుకు పిలుపు ఇచ్చేవాడు. ఆ పిలుపులోని ఎత్తు, దీర్ఘం కొడుకు గొంతులోకి దిగాయి. తల్లి సొంతంగా పాటలు కట్టి పాడేది. పైగా జాలరులకు తమదైన పాట ఒకటుంది. పేకాన్ అంటారు. నదిలో మొసలి వేటకు పోయేముందు రాత్రంతా కూచుని పాడతారు. తాతల సాహసాలు, నీటిలో ఉండే శక్తులు, సుడిగుండాల పేర్లు, మొసలితో సవాళ్ళు అన్నీ అందులో ఉంటాయి. నదిలో ఎక్కడ లోతు, ఎక్కడ మెరక, ఏ కాలంలో ఏ చేప ఎక్కడికి చేరుతుంది అన్న ఎరుక ఉన్నవాళ్ళే కట్టగలిగిన పాట అది. నీటిమీద పెత్తనం జాలరులదేనని ఊరంతా ఒప్పుకునేది.

ఆ కుర్రవాడికి తోడు దొరికినవాడు మన్సూర్ సెక్. వాళ్ళ కుటుంబానికి గ్రియో. చూపు లేదు. గిటార్ మీద వేళ్ళు మాత్రం నది పారినట్టు పారేవి. కులం కట్టుబాటు ప్రకారం ఒకరు పాడాలి, రెండోవాడు విని కానుక ఇవ్వాలి. వీళ్ళిద్దరూ పక్కపక్కన కూచుని కలిసి పాడారు. బాబా మాల్ రాజధాని డకార్‌లో చదువుకుని, ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళి సంగీతం నేర్చుకున్నాడు. అంతకుముందే ఇద్దరూ ఫూటా తోరో పల్లెలు పట్టుకుని నెలల తరబడి తిరిగారు. పెద్దవాళ్ళ దగ్గర కూచుని పాటలు పట్టుకున్నారు, వాటి వెనక కథలు అడిగి తెలుసుకున్నారు. నా లెక్కలో ఆయన అసలు విద్యాలయం అదే. మన్సూర్ సెక్ 2024లో కన్నుమూసేదాకా ఆ స్నేహం తెగలేదు.

ఇద్దరూ కలిసి 1984లో పారిస్‌లో రికార్డు చేసిన ఆల్బమ్ ‘జామ్ లీలీ’. ఐదేళ్ళ తర్వాత ఇంగ్లండులో విడుదలైంది. ప్రపంచ సంగీతం అనే వర్గం రికార్డు దుకాణాల్లోకి అప్పుడప్పుడే వచ్చింది. 1987లో లండన్‌లో చిన్న కంపెనీలవాళ్ళు కూచుని, ఈ రికార్డులన్నీ ఏ అరలో పెట్టాలని తర్జనభర్జన పడి ఆ పేరు ఖాయం చేశారు. ‘జామ్ లీలీ’ ఆ అరలోకి చేరి కొన్నాళ్ళలోనే అభిమానులను సంపాదించుకుంది. ప్రధానంగా రెండు గిటార్లు, రెండు గొంతులు. ఒక గిటార్ ఒకే పల్లవిని ఆపకుండా తిప్పుతూ ఉంటుంది, రెండోది దాని మీద చిన్నచిన్న మెరుపులు వేస్తుంది. గిటార్ అక్కడ హొద్దు అనే పాత తీగవాద్యం భాష మాట్లాడుతుంది. ఆ మీద బాబా మాల్ గొంతు పైనుంచి దిగుతుంది. తొందర ఎక్కడా లేదు.

ఇక నది దగ్గరికి వద్దాం. దాని సంగతి తెలియకుండా ఈయన పాట సగమే వినబడుతుంది.

సెనెగల్ నదికి నీళ్ళు గినీ దేశపు కొండల్లోంచి వస్తాయి. పోదోర్‌లో ఏడాదికి పడే వాన సాధారణంగా 300 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మన అనంతపురంలో అంతకు దాదాపు రెట్టింపు పడుతుంది. అయినా వెయ్యేళ్ళుగా జనం అక్కడ బతికారంటే కారణం ఆకాశం కాదు, ఎక్కడో ఎగువన పడ్డ వాన. కొండల్లో కురిసిన నీళ్ళు ఆగస్టు దాటేసరికి ఫూటాకు చేరతాయి. నది గట్లు దాటి మైళ్ళ మేర మైదానం మీదికి పరుచుకుంటుంది. అలా మునిగే నేలను వాలో అంటారు, వాన మీద ఆధారపడ్డ మెట్టను జేరి అంటారు. ముంపులో నల్లతుమ్మ అడవులు మొలలోతు నీళ్ళలో నిలబడతాయి. మన పొలంగట్ల మీద కనబడే నల్లతుమ్మే. చేపలు ఆ మొదళ్ళ మధ్యకు వచ్చి గుడ్లు పెడతాయి. నీళ్ళు తీసేకొద్దీ పిల్లచేపలు పాయల్లోకి, పాయల్లోంచి నదిలోకి చేరతాయి. వలలు అక్కడ సిద్ధంగా ఉంటాయి.

నీళ్ళు తీశాక వాలో నేల ఇంకా మెత్తగా ఉండగానే విత్తనం పడుతుంది. ఒకరు పొడుగాటి కర్రతో ఒండ్రులో గుంట చేస్తూ ముందు నడుస్తారు. వెనక వచ్చేవాళ్ళు గుంటలో నాలుగు జొన్నగింజలు వేసి, పొడిమట్టి కప్పుకుంటూ పోతారు. దుక్కి లేదు, ఎరువు లేదు. ఆ తర్వాత చుక్క వాన పడదు. నేలలో నిలవున్న చెమ్మతోనే జొన్న ఎదిగి కంకి వేస్తుంది. కోతలయ్యాక ఆ మోళ్ళలోకి పశువుల మందలు దిగుతాయి. మందలు వేసిన పేడ మీదికి మళ్ళీ వరద వస్తుంది. చేప, జొన్న, పశువు, మూడింటికీ ఒకే నేల. జాలరి, రైతు, పశువుల కాపరి వంతులు వేసుకుని వాడుకున్నారు. వంతు తప్పితే తగవులూ అయ్యేవి, అదీ నిజమే.

1968 నుంచి, సహారాకు దక్షిణపు అంచైన సాహెల్ అంతటా కరవు మొదలైంది. ఎగువ వానలు తగ్గాయి, వరద తగ్గింది. 1980ల మొదట్లో ఇంకో దెబ్బ. నల్లతుమ్మ అడవులు నీళ్ళందక కొంత ఎండిపోయాయి, పట్నాల పొయ్యిల్లోకి బొగ్గుగా కొంత పోయాయి. నీరు తగ్గిన ఎండాకాలాల్లో సముద్రపు ఉప్పునీరు నదిలోకి 200 కిలోమీటర్లకు పైగా ఎగదన్నేది. కాబట్టి నదీతీర దేశాలు ఆనకట్టలు కట్టుకోవాలనుకోవడంలో తప్పు పట్టడానికి లేదు. మాలి, మౌరిటానియా, సెనెగల్ మూడూ 1972లో ఒక సంస్థగా ఏర్పడ్డాయి. 1986లో నది ముఖద్వారం దగ్గర జామా ఆనకట్ట, 1988లో ఎగువన మాలిలో మనంతాలి ఆనకట్ట పూర్తయ్యాయి. ఉప్పునీరు ఆగింది. వరిసాగు పెరిగింది. రాజధానులకు కరెంటు వచ్చింది.

దానికి కట్టిన మూల్యంలో ఒక ముక్క మాత్రం వివరంగా చెప్పాలి. మన గోదావరి జిల్లాల రొయ్యల రైతులకు అది వెంటనే తెలిసిపోతుంది. సెనెగల్ నదిలో ఒక మంచినీటి రొయ్య ఉండేది. మన నీలకంఠ రొయ్య ప్రజాతికి చెందినదే. పెరిగేది మంచినీళ్ళలో, పిల్లలు బతకాలంటే మాత్రం ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. అందుకని తల్లి రొయ్యలు నది దిగి మొగ దాకా పోయేవి, పిల్లలు మళ్ళీ ఎగువకు ఈదుకొచ్చేవి. జామా ఆనకట్ట ఆ దారికి అడ్డం పడింది. ఎగువన రొయ్య తగ్గిపోయింది. ఆ రొయ్యకు నత్తలంటే ఇష్టం. తినేది తగ్గింది, ఉప్పునీరు రాక నీళ్ళు ఏడాదంతా తియ్యగా నిలిచాయి, జమ్ము విపరీతంగా పెరిగింది, నత్తలు గుట్టలుగా పెరిగాయి. ఆ నత్తలు బిల్హార్జియా అనే జబ్బు పురుగుకు ఇల్లు. నీళ్ళలో దిగిన మనిషి చర్మంలోంచి ఆ పురుగు లోపలికి పోతుంది. పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చెరకు తోటల ఊరు రిషార్ టోల్‌లో పేగులకు వచ్చే రకం మొదటి కేసులు 1988లో బయటపడ్డాయి. రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో సగానికి పైగా జనానికి అంటుకుంది. బట్టలు ఉతికే ఆడవాళ్ళు, ఈతకొట్టే పిల్లలు, వల విసిరే జాలరులు. నీళ్ళతో పని ఉన్న ప్రతివాళ్ళూ. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ రొయ్యలను పట్టుకొచ్చి నీళ్ళలో వదిలి, నత్తలు తగ్గుతున్నాయని, జబ్బు తిరగబెట్టడమూ తగ్గుతోందని చూపించారు. జాలరుల పాటలో నీటి గురించి ఎందుకంత వివరంగా ఉండేదో ఈ రొయ్య కథ విన్నాక నాకు బోధపడింది.

బాబా మాల్ పాటలోకి ఇదంతా లెక్కల రూపంలో రాదు. వరద కోసం చూసేవాళ్ళుగా, ఊరు విడిచినవాళ్ళుగా, మంద తోలుకుపోయే కాపరులుగా వస్తుంది. 1985లో ఆయన కట్టిన బృందం పేరు దాందే లెనోల్, జనం గొంతు అని. 1994లో వచ్చిన ‘ఫైరిన్ ఇన్ ఫూటా’లో పల్లెపాటను డ్రమ్ములతో, యంత్రాల మీద పుట్టించిన మోతలతో కలిపాడు. అప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. పోదోర్ కుర్రవాడు తన ఊరి పాటను సిగ్గుపడకుండా వినాలంటే ఆ కాలపు మోత కావాలి. 2023లో వచ్చిన ‘బీయింగ్’ ఆల్బమ్ మొదటి పాట జాలరుల సంబరం. డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, లోకమంతా తిరిగొచ్చాక, మళ్ళీ జాలరుల పడవ దగ్గరికే వచ్చాడు.

ఊరు విడిచినవాళ్ళ మాట చెప్పాను. సెనెగల్ తీరపు జాలరి పల్లెల్లో రంగురంగుల పెద్ద చెక్కపడవలు ఉంటాయి. చేపల కోసం కట్టినవి. ఆ పడవల్లోనే వంద మంది కుర్రాళ్ళు ఎక్కి స్పెయిన్ కానరీ దీవులకు బయలుదేరతారు. 2023 జూలైలో ఫాస్ బోయ్ అనే పల్లె నుంచి 101 మందితో ఒక పడవ వెళ్ళింది. ఆగస్టులో కేప్ వెర్డ్ దగ్గర సముద్రంలో కొట్టుకుపోతూ దొరికింది. బతికినవాళ్ళు 38 మంది. ఆ పల్లె చేపల పల్లె. విదేశీ ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చేశాయి, చేప దొరకడం లేదు, చేప కోసం కట్టిన పడవ మనుషుల్ని మింగింది. లోపలి ఊళ్ళలో నేల ఎండిపోయి బయల్దేరినవాళ్ళూ ఇలాంటి పడవలే ఎక్కుతున్నారు. ఈ చావులకు వాతావరణం ఒక్కటే కారణమని నేను అనను. కానీ నేలా నీళ్ళూ అన్నం పెడితే ఇంతమంది ఆ పడవ ఎక్కరు. బాబా మాల్ ఏళ్ళ తరబడి చెబుతున్నది ఇదే. కుర్రాళ్ళను వెళ్ళొద్దని పాటతో బతిమాలితే చాలదు, ఉండటానికి ఊళ్ళో పని ఉండాలి అని.

అందుకే ఆయన పాట దగ్గర ఆగలేదు. 2006 నుంచి పోదోర్‌లో ‘బ్లూస్ దు ఫ్లవ్’ అనే నది ఉత్సవం జరుపుతున్నాడు. నదికి రెండు గట్ల పాటగాళ్ళూ వస్తారు, పడవల పందేలు జరుగుతాయి. నాన్‌కే అనే సంస్థ పెట్టి, పోదోర్ చుట్టుపక్కల ఎడారి ముందుకు రాకుండా ఆపే సాగు మొదలుపెట్టాడు. సూర్యరశ్మితో నడిచే పంపులు నది నీళ్ళను పొలాలకు తోడతాయి. ఆడవాళ్ళు, కుర్రాళ్ళు అక్కడ కూరగాయలు పండిస్తారు. ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ వ్యతిరేక ఒప్పందానికి ఆయన సౌహార్ద రాయబారి. మన బెంగళూరు సంగీతకారుడు రికీ కేజ్ కూడా ఆ ఒప్పందానికి రాయబారే. మాలి గాయని ఇన్నా మోద్జా కూడా అదే దారిలో ఉంది. ‘ది గ్రేట్ గ్రీన్ వాల్’ అనే డాక్యుమెంటరీ కోసం ఆమె సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా పాటగాళ్ళను కలుసుకుంటూ వెళ్ళింది.

ఆ పచ్చని గోడ గురించి రెండు మాటలు. 2007లో ఆఫ్రికా దేశాల సమాఖ్య మొదలుపెట్టింది. డకార్ నుంచి జిబూతి దాకా 8,000 కిలోమీటర్ల పొడవున సాహెల్‌ను పచ్చబరచాలి. 2030కి 10 కోట్ల హెక్టార్ల నేల తిరిగి కోలుకోవాలన్నది లక్ష్యం. దానికి ఇంకా చాలా దూరంలోనే ఉన్నారు. మొదట వరసగా చెట్లు నాటాలనుకున్నారు. నాటినవి నీళ్ళులేక, కాపలా లేక చాలా చోట్ల చచ్చిపోయాయి. ఊరివాళ్ళకు పని చూపించిన చోట, గడ్డి కోసుకునే హక్కు ఇచ్చిన చోట, ఆడవాళ్ళు తోటలు పెట్టుకున్న చోట బతికాయి. బాబా మాల్ లాంటి వాళ్ళ అవసరం సరిగ్గా ఇక్కడే పడుతుంది. అధికారి పులార్ పల్లెకు ఫ్రెంచిలో ప్రణాళిక తీసుకొస్తాడు. ఆ పల్లె భాషలో, ఆ పల్లె పెద్దల పేర్లు పలుకుతూ, ఈ నేల మీది అని చెప్పగలిగేవాడు పాటగాడు. నాటిన మొక్కను మేక తినకుండా చూసేది ఆ పల్లెవాళ్ళే కదా.

మనకూ ఆ నేలకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఫ్రెంచి పాలన సెనెగల్ చేత ఊళ్ళకు ఊళ్ళు వేరుశెనగ వేయించింది. దేశం ఎగుమతుల్లో చాలాకాలం అదే పెద్దది. ఏటా అదే పంట వేసి వేసి అక్కడి ఇసుకనేలలు సారం పోగొట్టుకున్నాయి. అనంతపురం, కదిరి వైపు రైతుకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన పటాన్‌చెరులో 1972లో పుట్టిన ఇక్రిశాట్ పరిశోధన చేసే పంటలు జొన్న, సజ్జ, వేరుశెనగ, కంది, శనగ. మొదటి మూడూ సాహెల్ పల్లెల తిండీ తెరువూ. నైజర్ దేశంలో ఆ సంస్థకు సాహెల్ కోసమే ఒక కేంద్రం ఉంది. విత్తనాలూ పరిశోధకులూ ఇటూ అటూ తిరుగుతున్నప్పుడు పాటలు మాత్రం ఎందుకు తిరగకూడదు?

మొదటిసారి వినబోయేవాళ్ళు ‘జామ్ లీలీ’తో మొదలుపెట్టండి. ఆ తర్వాత 2001లో వచ్చిన ‘మిస్సింగ్ యూ’ వినండి. ఒక సెనెగల్ పల్లెలో, స్టూడియో గోడలు లేకుండా రికార్డు చేశారు దాన్ని. నేను మన ఆకాశవాణివారిని ఒకటి అడగదలిచాను. అనంతపురం, కడప, ఆదిలాబాద్ కేంద్రాల్లో సాయంత్రంపూట రైతుల కార్యక్రమం వస్తుంది. నెలకొకసారి అందులో పది నిమిషాలు సాహెల్ రైతుకు ఇవ్వండి. అక్కడ ఒండ్రులో జొన్న ఎలా వేస్తారో, వేరుశెనగకు బదులు ఇప్పుడేం వేస్తున్నారో, సోలార్ పంపులు ఎలా నడుస్తున్నాయో చెప్పించండి. తర్వాత బాబా మాల్ పాట ఒకటి వేసి, మాటల అర్థం తెలుగులో చదవండి. ఆ వెంటనే మన పల్లెల వాగుల మీద, చెరువుల మీద పాటలు కట్టిన గోరటి వెంకన్నను వినిపించండి. విన్న రైతులు ఉత్తరాలు రాస్తారు. వాళ్ళు అడిగే ప్రశ్నలను ఇక్రిశాట్ ద్వారా అక్కడికి పంపించవచ్చు, జవాబులు తెప్పించి మళ్ళీ ఇదే రేడియోలో చదవవచ్చు.